లోడు టెస్టు

ఆటోనగర్లో పంతొమ్మిదేళ్లు బ్యాటరీలు చూశాను.
నా చొక్కాలన్నిటికీ యాసిడ్ చిల్లులే.
లారీ బ్యాటరీని తొడ మీదికి లాక్కుని
ఒక్కణ్ణే బల్ల మీద పెట్టేవాణ్ణి.
ఇప్పుడు పళ్లు తోముకోవడానికి స్టూలు వేసుకుంటున్నాను.

రెండేళ్ల కిందట, వానల్లో, జ్వరం వచ్చి పోయింది.
పోతూ పోతూ ఏదో వైరు పీక్కుపోయింది.

సూర్యారావుపేటలో డాక్టరు
కాగితాలు తిరగేసి, మళ్లీ తిరగేసి
"అన్నీ నార్మలే దేవసహాయం" అన్నాడు,
శుభవార్త చెప్పినట్టు.
థైరాయిడ్ నార్మల్. రక్తం నార్మల్. గుండె బంగారం.
మా సువార్త మొహం వెలిగింది,
నా మొహం చూసి ఆరింది.

మెట్ల కింద కిరాణా కొట్టాయన:
"తిని పడుకుంటే నీరసం రాదా మరి!"
వదిన: "నువ్వే ఓపిక తెచ్చుకోవాలయ్యా."
ఎక్కణ్ణుంచి, వదినా?
కాళేశ్వరరావు మార్కెట్లో కేజీల్లెక్క అమ్ముతున్నారా?
ఓపిక లేదంటే
ఓపిక పట్టమంటారు.
రెంటికీ ఒకటే మాట పెట్టినవాడెవడో
ఒక్కసారి మా కొండెక్కి రావాలి.

క్రీస్తురాజుపురం కొండ. నూట పన్నెండు మెట్లు.
పైనుంచి నలభై మూడోది విరిగింది.

దిగిన రోజు ఏమీ కాదు. అదే మోసం.
ఆ పూట నవ్వుతాను, టీ తాగుతాను,
బస్సుకి చెయ్యెత్తుతాను కూడా.
మర్నాడూ బాగానే ఉంటాను.
మూడో రోజు వస్తాడు వడ్డీవాడు.
ఫ్యాను చప్పుడు ఛాతీ మీద కూర్చుంటుంది.
పక్కింటి కుక్కర్ విజిల్ ఎముకలోకి దిగుతుంది.
దుప్పటి మడత తియ్యమని సువార్తని పిలవాలి,
పిలవడానికి గొంతు కూడబెట్టుకోవాలి.

స్నానం చేసిన రోజు గడ్డం గీసుకోను.
గడ్డం గీసుకున్న రోజు ఎవరితోనూ వాదించను.
మునిసిపల్ నీళ్లు మా కొండెక్కేది రోజుకి నలభై నిమిషాలు.
సువార్త రెండు డ్రమ్ములు నింపి
గ్లాసు గ్లాసుకీ లెక్క చూసినట్టు
నన్ను నేను వాడుకుంటాను.
ఒక్కో రోజు మొండికేసి డ్రమ్ము మొత్తం తన్నేస్తాను.
కెజియా స్కూల్లో పరుగుపందెం. వెళ్లాను.
ఎండలో నిలబడి చప్పట్లు కొట్టాను.
నాలుగోది వచ్చింది పిల్ల.
పదకొండు రోజులు మంచం దిగలేదు నేను.
మళ్లీ పెట్టినా వెళతాను.

మొన్న బాజీ వచ్చాడు,
కొట్టు కట్టేసి, మెట్లెక్కి, రొప్పుతూ.
సంచీలోంచి మా పాత సెల్ టెస్టర్ తీసి
రెండు మొనలూ నా చేతికి ఆనించి
సూది చూస్తున్నట్టు కళ్లు చిన్నవి చేశాడు.
"వట్టి వోల్టు చూసి బ్యాటరీ బాగుందన్న కుర్రాళ్లని
ఎన్నిసార్లు తిట్టావురా నువ్వు!
లోడు పెడితే కదా తెలిసేది."

రెండేళ్లలో నన్ను నమ్మిన మొదటి పనిముట్టు అది.
ఏడవలేదు.
ఏడిస్తే రేపటి స్నానం పోతుంది.

ఇవాళ సాయంత్రం నలభై రెండు మెట్లు దిగి
విరిగినదాని పక్కన కూర్చున్నాను.
కింద ఏలూరు రోడ్డు దీపాలు ఒకటొకటే పడుతున్నాయి.
గుణదల వైపు గూడ్సు బండి, పెట్టెలు లెక్కపెడదామనుకుని
ఇరవై దగ్గర వదిలేశాను.
రోడ్డు దాకా వెళ్లలేదు. రోడ్డు కనిపించింది.

ఎక్కాల్సినవి నలభై రెండు.
తొందరేం లేదు,
పైన సువార్త ఇంకా అన్నం వార్చలేదు.