తిరుగు చదివింపు

పెళ్లినాడు పెరంబూరు మండపంలో
మా బాబాయి అరుణాచలం నాయుడు మైకు పట్టుకుని
మీ పేర్లు, మీ పదహార్లు చదివాడు.
ఆయన గొంతులో సగాన్ని మేళం మింగేసింది,
మిగతా సగాన్ని పంక్తిలో వడ్డనల కేక.
అందుకని ఇవాళ నేనే మళ్లీ చదువుతున్నాను,
నెమ్మదిగా, మేళం లేకుండా.

రెండొందల పేజీల నోటుపుస్తకం. అట్ట మీద పసుపు వేలిముద్ర.
మొదటి పేరు చూళై ఇస్త్రీబండి మునిలక్ష్మమ్మది:
నూట పదహార్లు.
అమ్మా, అవి తిబిలిసి స్టేషను బయట
పడవల్లా వంగిన రెండు రొట్టెలయ్యాయి.
తెల్లవారుజామున, పళ్లు టకటకలాడే చలిలో,
నీ ఇస్త్రీపెట్టె అంత వేడిగా.

బహుమతులు వద్దు, కవరు చాలు అని
శుభలేఖలో వేయించింది నేనే.
నలభై నాలుగేళ్ల పెళ్లికూతురికి
మొహమాటం కాస్త తక్కువే ఉంటుంది.
అయినా ఐదు గోడగడియారాలు వచ్చాయి.
ఒప్పుకుంటున్నాను, నాలుగు అమ్మేశాం.
ఐదోది నడవదు, ఎవరూ కొనలేదు.
ఇచ్చినవాళ్లు ఇంటికొస్తే
ఐదుగురికీ దాన్నే చూపిస్తాను.

దామోదరం సంగతి మీకు తెలుసు.
ఇరవై మూడేళ్లుగా ఐసీఎఫ్‌లో రైలుపెట్టెలకు రంగు వేస్తున్నాడు.
ఆయన చేతి నీలం జమ్మూ దాకా వెళ్లింది.
ఆయన మాత్రం గూడూరు దాటలేదు.
చూపులనాడు నేనడిగింది ఒక్కటే, మీకేం కావాలని.
టీ మీద మీగడ కట్టేదాకా ఆలోచించి
"వేరేవాళ్లు రంగేసిన రైలెక్కాలి" అన్నాడు.
నేను ఇంకేం అడగలేదు.

అరవై ఎనిమిది రోజులు.
హనోయ్‌లో ఎక్కి సైగాన్‌లో దిగాం.
ఆల్మటీ దాటాక గడ్డినేల
రెండు పగళ్లు కిటికీలోంచి కదలలేదు.
హెడ్మిస్ట్రెస్ సుగుణకుమారి గారూ,
మీ ఐదువేల నూట పదహార్లు అక్కడ కింది బెర్తు.
మీ మోకాళ్లు గుర్తొచ్చి
మీ బదులు కూడా నేనే కాళ్లు చాపుకున్నాను.

కన్నియప్పన్ అన్నా, మీవాళ్లు దీన్ని మొయ్ అంటారు,
రాసిపెట్టుకుని తీర్చాల్సిన బాకీ అంటారు.
మీ అమ్మాయి పెళ్లికి ఇస్తాను, రూపాయి తగ్గను.
కానీ ఇంకొకటుంది, దాన్ని ఏ వరసలో రాయను?
బటూమిలో రైలు ఆగింది. సముద్రం వాసన.
దామోదరం పెట్టె ఒంటిమీద బొటనవేలు రుద్ది
"రెండో కోటు ఆరకుండానే మూడోది వేశారు" అన్నాడు.
తర్వాత జాలిగా, "ఏం తొందరో, పాపం."
బోగీ చూసుకునే ముసలావిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు.
ఆయన గోళ్లకింద పోని నీలం చూసింది,
నవ్వి, జేబులోంచి తీసి
గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు ఆ చేతిలోనే పోసింది.

ఇక నూట నలభై ఏడో వరస.
ఆ కవరు మీద పేరు లేదు. లోపల ఏమీ లేదు.
అంగట్లో అతికించి అమ్మే రూపాయి బిళ్ల మాత్రం ఉంది.
పెట్టడం మరిచారో, పెట్టడానికి లేకపోయిందో.
బాబాయి మైకులో దాన్ని దాటేశాడు.
నేను దాటలేదు.
టికెట్లన్నీ అందులోనే పెట్టుకున్నాను,
తర్వాత పాసుపోర్టులు, ఒక ఎండిన ఆకు, మందులచీటీ.
మూడుసార్లు అంచులు చిరిగాయి, మూడుసార్లు అతికించాను.
రూపాయి ఊడలేదు.
మీరెవరైనా సరే, ఏదో ఒక ఆదివారం రండి.
అయనావరం, రెండో మేడ.
చెప్పులు మెట్లమీదే విడవండి, పైన చోటు లేదు.
కవరు మీదని చెప్పొద్దు.
ఊరికే వచ్చామనండి, చేపలపులుసు తిని వెళ్లండి.

సరే, పేజీ తిప్పుతున్నాను.
ఓటేరి ఎత్తిరాజులు గారు, ఐదొందల పదహార్లు.
ఎత్తిరాజులు గారూ, ఆ రాత్రి వాన పడుతోంది,
మాకు ఊరి పేరు పలకడం కూడా రాదు