ఖియార్

తడి నేల మీద పసుప్పచ్చ బోర్డు నిలబెట్టి
తుడుపు కర్ర గోడకు ఆనించేలోపే
లోపలికి పిలిచినారు నన్ను.
డాక్టరు సిరియా ఆయన.
మంచం మీద మనిషి జగిత్యాల పక్క పల్లె.
నడుమ నేను, రాయచోటి దాన్ని,
పదకొండేండ్ల కువైట్‌లో
వంటింటి అరబ్బీ తప్ప వేరే చదువు లేనిదాన్ని.

గంగనర్సయ్య.
ఇనప గొట్టాలు బిగించుకుంటా
పద్నాలుగు అంతస్తులు పైకి పోయే పని.
పేగులో పుట్టిన గడ్డ
మందుకు ఎనిమిది నెలలు లొంగి
ఇప్పుడు ఊపిరితిత్తుల్లో మొలిచిందంట.

డాక్టరన్నాడు: ఇందక్ ఖియారైన్.

నాకు తెలిసిన ఖియార్ కీరదోసకాయ.
మేడమ్ ఇంట్లో రోజూ తరిగిందే,
పెరుగులోకి, పుదీనాతో.
"నీకు రెండు దోసకాయలున్నాయంట"
నోటిదాకా వచ్చింది.
ఆయన ముఖం చూసి ఆగినా.
డాక్టరు కాగితం మీద రెండు దోవలు గీసినాక తెలిసింది,
వీళ్ల భాషలో దోసకాయకూ
ఇదా అదా తేల్చుకోవడానికీ
ఒకటే మాట.

ఒక దోవ: గడ్డలో ముక్క తీసి పరీక్షకు పంపి
దానికి సరిపడే కొత్త మందు.
అది ఇంకా పరీక్షలో ఉన్న మందే.
ఇంకో దోవ: సూదులు ఆపేసి, నొప్పికి మాత్రలిచ్చి,
విమానం ఎక్కే సత్తువ ఉండగానే ఇంటికి.

"గా కొత్తది ఆఖరికి సూద్దాం సారూ,
అన్నీ ఒడిసినంక."

డాక్టరు తల అడ్డంగా ఊపినాడు.
ఆఖర్న ఇచ్చేది కాదంట.
ఒంట్లో నెత్తురు, కాళ్లలో నడక ఉండగానే అడగాలంట.
మంచం పట్టినాక ఆ తలుపు తీయరంట.
ఇది చెప్పడానికి
మూడుసార్లు మొదలుపెట్టినా నేను.

"పనిజేస్తదా?"
"పదిహేను" అన్నా.
"ఎంతల?"
నూటికి అనే మాట నేనే మింగినా.
ఎత్తులు కొలిచే మనిషి, ఊరుకుంటాడా.
"నూటికి" అన్నా, నేల చూస్తా.
నేల నేను తుడిచిందే.
ఆ పొద్దు బాగానే తుడిచినా.

"ఆయన సొంత తమ్మునికైతే ఏం జేస్తడో అడుగక్కా."
అడిగినా.
డాక్టరు కండ్లద్దాలు తీసి, తుడిచి,
మళ్లీ పెట్టుకున్నాడు.
దాన్ని ఏమని తెలుగు చేసేది?
"ఆలోచిస్తాండాడు" అన్నా.
"ఆలోచించనీ. మనకేం తొందర."

నవ్వినాడు. ఆ నవ్వు చూసి
దోసకాయ సంగతి చెప్పేసినా.
పక్కటెముకలు పట్టుకుని, దగ్గుకుంటా
ఇంకా నవ్వినాడు.
"దోసకాయైతే అల్కనే గదక్కా.
కొస గోసి నాకి సూస్తం. చేదుంటే అవతల పారేస్తం.
కూరంత ఒండుకొని ఎవలేడుస్తరు."

అని, ఉన్నట్టుండి నవ్వు ఆపినాడు,
అన్న మాట తన చెవికే అప్పుడు పడినట్టు.

"అడుగు. రెండు సూదులు ఏసుకుంట. మల్ల స్కాను.
చేదని నాకు తెలిస్తే నేనే ఆపుమంట.
సంతకం వెట్టినంక, ఆపుమంటే ఆపుతరా?"

అడిగినా.
ఈ దేశంలో ప్రతి మాటకూ వెనక ఇన్షాల్లా ఉంటుంది.
డాక్టరు అది లేకుండా ఒక్క మాటే అన్నాడు.
"ఆపుతారంట. ఏ వారమైనా."

గంగనర్సయ్య కిటికీ దిక్కు చూసినాడు.
అక్కడ ఎవరో కడుతున్న బిల్డింగ్,
సగం దాకా గొట్టాలు.
"రాత్రికి లస్మవ్వకు ఫోన్ జెయ్యాలె.
ఆమెకింకా మొదటి గడ్డ సంగతే తెల్వది."

డాక్టరు నా వైపు తిరిగినాడు, ఏమన్నాడని.
ఆ ముక్క మాత్రం
నాకు అరబ్బీలోకి రాలేదు.

బయటికొస్తే నేల ఎప్పుడో ఆరిపోయింది.
పసుప్పచ్చ బోర్డు ఇంకా నిలబడే ఉంది,
జారతారు జాగ్రత్త అంటా.