నూట తొంభై వోల్టులు

క్యాసెట్టు మీద బాల్‌పెన్నుతో రాసిన పేరు
సగం చెరిగింది.
రెండో పాట, నలభయ్యో సెకను:
గిటార్లు ఆగిపోతాయి, డ్రమ్ము ఊపిరి పీల్చుకుంటుంది,
ఒక్క బేసు మిగులుతుంది.
పైన అంచులు తెగిన రేకు,
కిందెక్కడో తడి మట్టి.
ప్రతి దెబ్బా ముందు కుంగి
ఆ తర్వాత లేస్తుంది,
బస్తా ఎత్తుకునే హమాలీ మోకాలిలా.

ఆ కుంగు నాకు కావాలి.

మూడు చలికాలాలు దాని వెంట పడ్డాను,
సైలీషియా బొగ్గు నేలలో, రూడా ఊళ్లో,
గని మూసేసిన వీధిలో
హెర్బర్ట్ కుబోఖ్ రిపేరు షాపులో.
ఎనభై ఐదు నాటి యాంప్లిఫయరు దొరికింది,
చర్చి వాళ్లు వదిలించుకుంటుంటే.
లోపల కొవ్వొత్తి మైనం, ఎండిన సాలీడు.
ఆనాటి వాల్వులే వేశాం,
చెక్ గాజు బుడ్లు, కడుపులో నారింజ నిప్పు.
కొత్త తీగలు మెరుస్తాయి, అబద్ధమాడతాయి.
ఆ రోజుల్లో కొత్తవెక్కడివి?
వెనిగర్ నీళ్లలో ఉడకబెట్టి
మళ్లీ అవే బిగించుకునేవాళ్లట.
నేనూ ఉడకబెట్టాను.
మా అమ్మ గిన్నె మూత తీసి చూసి
మాట్లాడకుండా మూసేసింది.

స్పీకరు కాగితాన్ని బ్లేడుతో గీశాం.
సబ్బుపెట్టె మూత కోసి, దాంతో మీటాను.
దగ్గరికొచ్చింది.
దగ్గరంటే,
ఫోనెత్తిన తమ్ముణ్ణి అన్న అనుకునేంత దగ్గర.
కుంగలేదు.

వాయించినవాణ్ణి వెతుక్కుంటూ పోయాను.
రైన్‌హోల్డ్ పికా, డెబ్భై ఒకటి.
ఒక చెవి గనికిచ్చాడు, రెండోది డ్రమ్మరుకి.
అటక మీద పావురాల గూళ్ల మధ్య ఉన్నాడు.
"నాబ్‌లు ఎక్కడ పెట్టేవారు?" అని అరిచాను.
"చలిగా ఉండేది" అన్నాడు.
"ఏ తీగలు?"
"చాలా చలి. గ్లవుజుల వేళ్లు కత్తిరించుకుని వాయించా."
అంతే. ఒక పావురం రెక్క విప్పి చూపించాడు
అదే జవాబన్నట్టు.

కింద వంటింట్లో ఆయన భార్య ట్రూడా
నా ముందు సూప్ గిన్నె పెట్టింది.
ఊరికే, ఆ నలభయ్యో సెకను వినిపించాను.
గరిటె గాల్లో ఆగింది.
"ఇది మధ్యాహ్నం రెండు దాటాక రికార్డు చేశారు."
ఎలా తెలుసన్నాను.
"ఇది నేను కదా!"

వాళ్లు ఫ్యాక్టరీ క్లబ్బు నేలమాళిగలో వాయిస్తుంటే
గోడ అవతల రోలింగ్ మిల్లు,
క్రేను గదిలో ఈవిడ, రెండో షిఫ్టు.
తను దించిన ఎర్రటి ఉక్కుదిమ్మను
రోలర్లు కరిచిన ప్రతిసారీ
వీధి కరెంటంతా అటు గుంజుకుపోయేది.
"లైట్లు తల వంచేవి.
రొట్టెల కొట్లో, బళ్లో, అందరికీ అలవాటే.
టీవీలో మంత్రిగారి మొహం
ఇంతైపోయేది" అని
బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చింది.

ఇప్పుడక్కడ మిల్లు లేదు, టైల్స్ షోరూము.
ఏ వీధిలోనూ దీపం వణకదు.
రెండు వందల ముప్పై,
కడుపు నిండిన కరెంటు, తేన్చుకుంటూ.

హెర్బర్ట్ బల్ల కిందినుంచి
వేరియాక్ లాగాడు, రుబ్బురోలంత బరువు.
నల్ల పిడి తిప్పాడు.
రెండు వందల పది. రెండు వందలు.
వాల్వుల్లో నారింజ
ఇటుక రంగుకి దిగింది.
నూట తొంభై.
లావు తీగ మీటాను.

చెవికంటే ముందు అరికాళ్లు విన్నాయి.
కుంగింది. బరువు కింద ఒక్క క్షణం
లేస్తుందో లేవదో అన్నట్టుంది.
లేచింది.

"ఇలా పస్తు పెడితే వాల్వులు త్వరగా పోతాయి"
అన్నాడు హెర్బర్ట్.
పిడి మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆదివారం ట్రూడాకి వినిపించాను.
తల పంకించింది, ఒకచోట నొసలు చిట్లించింది.
"మూడో దెబ్బ దగ్గర ఆ రోజు దిమ్మ జారింది.
మీది జారలేదు. మరీ జాగ్రత్తగా చేశారు."
ఆవిడ కుడిచెయ్యి
సూప్ గిన్నె పక్కన, మేజాబల్ల గుడ్డ మీద,
అక్కడ లేని లివరును
మెల్లగా వెనక్కి లాగుతోంది.

పైనుంచి రైన్‌హోల్డ్
గింజల డబ్బా తెమ్మని కేకేశాడు.
"మళ్లీ పెట్టు" అంది ట్రూడా.