చేరని మనిషి

ఆ కాగితం చదివి వినిపించేది నేనే.
నాలుగో అంతస్తులో నా ఉద్యోగం అది.
బట్టలకి పట్టిన పొగవాసనలా ఇంటిదాకా వస్తుంది.

డులూత్‌లో మార్చి అంటే వసంతమని
కేలెండర్ ఒక్కటే నమ్ముతుంది.
గడ్డకట్టిన మంచు మీద చెత్తడబ్బా లాక్కెళుతూ
వైనో లాహ్తినెన్ జారిపడ్డాడు. ఎనభై మూడేళ్ళు.
ముప్పై ఏళ్ళు రేవులో ఇనుపరాయిని ఓడలకెత్తిన నడుము
ఖాళీ డబ్బాకి ఓడిపోయింది.

కటి ఎముక చిట్లింది, విరగలేదు,
కోత అక్కర్లేదన్నాడు డాక్టరు.
ఆయన భార్య ఐలీ కళ్ళు మూసుకుని
ఫిన్నిష్‌లో ఏదో గొణిగింది.
కృతజ్ఞతే అయ్యుంటుంది.

సరస్సు కనిపించే గది ఇచ్చారు.
మణికట్టుకి పేరు రాసిన పట్టీ, వీపు మూయని గౌను,
ఉప్పు తెలియని సూపు.
రోజూ వేసుకునే బీపీ మాత్రే ఇక్కడా ఇచ్చారు.
ఇంట్లో అలమరలో మూత తీయని సీసా ఉంది, తెస్తానంది ఐలీ.
బయటి మందులు కుదరవన్నారు.

బడి వంటశాలలో ముప్పై ఒక్కేళ్ళు
పళ్ళేలు లెక్కపెట్టిన మనిషి ఆమె.
మూడు రాత్రులు ఆస్పత్రిలో గడిస్తే
తర్వాత నడక నేర్పే చోటికి మెడికేర్ డబ్బు కడుతుందని
చర్చిలో ఎవరో చెప్పారట.
అందుకని కుర్చీలోనే కూర్చుంది.
గోడగడియారంలో ముళ్ళు రెండూ ఒకటయ్యేసరికి
అల్లిక సూదులు ఆపి చూసేది.
ఒకటి.
రెండు.
మూడు.
నాలుగోది కూడా వచ్చింది,
కొసరు పడ్డంత సంబరంగా నాకు చెప్పింది.
అప్పటికి ఒక చేతితొడుగు పూర్తయింది,
రెండోదానికి బొటనవేలు మిగిలింది.

నేను కాగితం తీశాను.
మొదటి రోజు ఆమె సంతకం పెట్టినదే,
కళ్ళజోడు కారులో మరిచిపోయి పెట్టినది.
"ఆయన్ని చేర్చుకోలేదమ్మా. పరిశీలనలో ఉంచాం."

ఐలీ మంచం వైపు చూసింది.
మంచంలో వైనో ఉన్నాడు.
గురక కూడా ఉంది.
"మరి ఈ నాలుగు రాత్రులూ ఈయన ఎక్కడున్నట్టు?"

ఇక్కడే.
ఇక్కడే, కానీ బయట.
పైకి అనలేదు నేను. నాకు నేర్పిన వాక్యం వేరే ఉంది,
అది అప్పజెప్పాను.
ఆయన్ని చూస్తున్నామన్నాను.
చూసుకుంటున్నామని అనకూడదు.
ఆ రెండు మాటల మధ్య
నెలకి పదమూడు వేల డాలర్లు.

"విరిగి, ఆపరేషనే పడుంటే చేర్చుకునేవాళ్ళం," అన్నాను,
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
గురక ఆగింది.
కళ్ళు తెరవకుండానే వైనో అన్నాడు:
"అంటే నాకు పడటం కూడా సరిగ్గా చేతకాలేదన్నమాట."
ఐలీ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
ఆయనే నవ్వబోయి, నొప్పికి దుప్పటి పిడికిట పట్టాడు.

ఆమె సంచిలోంచి పెన్సిలు తీసింది.
కాగితం వెనక కూడికలు, తీసివేతలు.
పడవ, దానికి ఇంజను, అన్న వాటాగా వచ్చిన అడవిముక్క.
వాటి కింద గీత గీసి కాసేపు ఊరుకుంది.
"వంటగది నుంచి సౌనా గది దాకా పదకొండు అడుగులు," అంది చివరికి.
"నేనే నడిపిస్తాను."
ఆమెకి డెబ్భై తొమ్మిది. ఆమె కుడి మోకాలు
లిఫ్టు దాకా నడిచేలోపే రెండుసార్లు మొరాయించింది.

బిల్లు మూడు వారాలకి వెళ్ళి ఉంటుంది.
అందులో ఆ బీపీ మాత్రలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉంటాయి,
నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం ఫారం నింపాను.
"కుటుంబ సభ్యులు అడిగిన ప్రశ్నలు" అని ఒక గడి.
ఆయన ఎక్కడున్నట్టు అని రాయడానికి
చోటు సరిపోతుంది. చూశాను.
"లేవు" అని రాసి
తర్వాతి గదికి వెళ్ళాను.