మూడు, ఆగి రెండు

ఆరేళ్ల కిందట ఆర్విల్ కుచెరా
డాష్‌బోర్డు మీది ఎర్రదీపానికి
గోరంత నల్లటేపు అంటించి
"పీడా పోయింది" అనుకున్నాడు.
తాళం తిప్పిన ప్రతిసారీ
అది టేపు కింద కొట్టుకుంటూనే ఉంది.

తొంభై ఎనిమిది నాటి రేంజర్.
ఒకప్పుడు ఆకుపచ్చ. ఇప్పుడు ఏ రంగని అడిగితే
తుప్పే ముందు జవాబు చెబుతుంది.
వెనక తొట్టిలో కంచె మేకులు, పశువుల ఉప్పుదిమ్మ,
ఒకే ఒక్క చేతితొడుగు, ఎడమది.
ఆ ఉదయం నెబ్రాస్కా ఇసుకకొండల గాలి
నా షెడ్డు రేకుల్ని ఒక్కొక్కటే లేపి చూస్తోంది.

"టేపు పీకేశాను" అన్నాడు ఆర్విల్. అంతే.
మిగతా సంగతి అవతలి తలుపు తీసుకుని దిగింది:
మనవరాలు మారెన్, పదిహేను నిండాయి,
జేబులో లెర్నర్ పర్మిట్, ఇంకా మడత నలగలేదు.

కొత్త బళ్లయితే స్కానరు తగిలించగానే
మొర అంతా అక్షరాల్లో పెట్టుకుంటాయి.
ఇది పాతది. కన్నుకొట్టి చెబుతుంది.
ముగ్గురం మెడలు చాచి చూశాం.
మారెన్ పైకే లెక్కపెట్టింది:
మూడు. ఆగి, రెండు.
మళ్లీ మూడు. ఆగి, రెండు.
"ఏమంటోంది?"
జిడ్డు పుస్తకం తిరగేశాను.
డ్రైవరు సంచికి వెళ్లే దారి ఎక్కడో తెగిందట.

బ్యాటరీ తీగ విప్పి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.
"పని మొదలెట్టవేం?"
"ఆగాలి. పెట్టెలో ఇంకా కొంత కరెంటు దాగి ఉంటుంది.
తీగ విప్పిన కబురు దానికి చేరనీ."
ఈనే ఆవు దగ్గర తప్ప
ఆర్విల్ దేని ముందూ ఆగిన మనిషి కాడు.
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుని
తాగడం మరిచి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత సంచిని విప్పి
మొహం అవతలికి తిప్పి పట్టుకుని
సద్దుచేయకుండా బల్ల మీద వెల్లకిలా పెట్టాను.
స్టీరింగు ఊడదీస్తే, దాని కింద
గడియారం స్ప్రింగులా చుట్టుకున్న పలచని పట్టీ.
ఎడమకి తిప్పితే వదులయ్యి, కుడికి తిప్పితే బిగిసి,
ఇరవై ఒక్క ఏళ్ల మలుపులు మోసింది.
ఒక మడత దగ్గర వెంట్రుకంత చీలిక.
"ఏ మలుపులో తెగిందో?" అంది మారెన్.
"హాల్వర్సన్ల గేటు" అన్నాడు ఆర్విల్, తడుముకోకుండా.
"ఆ గేటు నా నడుం కూడా విరిచింది."

ఒమాహా నించి కొత్త పట్టీ గురువారానికి వచ్చింది.
బిగించి తాళం తిప్పాను.
ఎర్రదీపం ఆరు సెకన్లు వెలిగి, ఆరి,
మరి నోరెత్తలేదు.

బిల్లు రాస్తుంటే కనబడింది, రేడియో కింద
ఇంకో టేపు ముక్క. మొదటిదానికంటే పాతది, అంచులు పొడి.
గీకి తీస్తే పసుప్పచ్చ వెలుగు:
పక్కసీటు సంచి ఆపి ఉంది.
ఇది జబ్బు కాదు. ఎవరో తాళంతో తిప్పారు,
అది మాట మీద నిలబడింది.

ఆర్విల్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.
"దీన్ని ఆసుపత్రి నించి తెచ్చిన రోజది.
బండికి వెనకసీటు లేదాయె.
బుట్టసీట్లో, అటు తిరిగి, నా పక్కనే.
నర్సు తిప్పమంది, తిప్పాను.
మళ్లీ ఇటు తిప్పమని
ఎవరూ చెప్పలేదు."

మారెన్ ఏమీ అనలేదు.
తాళం లాగి, ఆ చిన్న బెజ్జంలో పెట్టి, తిప్పింది.
పసుపు ఆరింది.
"తాతా, నువ్వటు కూర్చో."

పక్కసీటు బెల్టు ఆయన పొట్టకి చాల్లేదు.
ఊపిరి పీల్చి, లాగి, క్లిక్కుమనిపించాడు.
బండి గేటు దాకా కుందేలు గెంతులు గెంతి ఆగింది.
మళ్లీ కదిలింది.

ఆ టేపు ముక్క సాయంత్రం దాకా
నా బొటనవేలిని వదల్లేదు.