పట్టిక మూడు

రిటైరయ్యే ముందు ఒక ఫారం ఇచ్చారు.
సర్వీసు, ముప్పై నాలుగేళ్ళు.
పరిశోధనా పత్రాలు, ఇరవై ఆరు.
తర్ఫీదు పొందిన పీజీలు:
గడి చిన్నది, అంకె పట్టింది, పేర్లు పట్టలేదు.
గుమస్తా ప్రభుదాసు నా చేతిలోంచి పెన్ను లాక్కుని
"మిగతాది నేను రాస్తాలెండి మేడం" అన్నాడు.

నేను చేరిన ఏడు
గుంటూరు పెద్దాసుపత్రిలో ఊపిరి మిషన్లు రెండు.
ఒకటి పనిచేసేది.
రెండోది దానికి విడిభాగాలిచ్చేది.
ఆ శీతకాలం పత్తికి పురుగు తగిలింది.
యడ్లపాడు నుంచీ, ప్రత్తిపాడు నుంచీ
ట్రాక్టరు తొట్లలో పడుకోబెట్టి
మందు తాగిన మనుషుల్ని తెచ్చేవాళ్ళు.
వార్డంతా మురిగిన వెల్లుల్లి వాసన.
అట్రోపిన్ సీసాలు విరిచీ విరిచీ
బొటనవేలు తెగేది.
మిషను లేని మంచం దగ్గర
అన్నకో బావమరిదికో రబ్బరు సంచి అందించి
"ఇట్లా నొక్కు, వదులు, మళ్ళీ నొక్కు" అని చూపించేదాన్ని.
నా మొదటి విద్యార్థులు వాళ్ళే.

వాళ్ళలో ఒకాయన మిర్చియార్డు హమాలీ.
టిక్కీలు ఎంచినట్టు
ఒకటీ, రెండూ, మూడూ అనుకుంటూ
తమ్ముడి ఊపిరి తెల్లవార్లూ ఎంచాడు.
ఇక చాలన్నాను. వినలేదు.
నేనే వేళ్ళు విడదీసి సంచి తీసుకున్నాను.
గంట తర్వాత, కాగితాల మీద వేలిముద్ర కోసం వెళితే
ఆ ఖాళీ చెయ్యి
ఇంకా మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉంది.

ఆ నూట ముప్పై మందీ నా థీసిస్.
ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు.
పట్టిక మూడు: మృతులు, నలభై ఒకటి.
విశాఖ నుంచి వచ్చిన పరీక్షకుడు
పేజీలు తిప్పి "మంచి సంఖ్యేనమ్మా" అన్నాడు.
"థాంక్యూ సర్" అన్నాను.
అన్నది నేనే.

తర్వాత మిషన్లు వచ్చాయి, ఒక్కొక్కటీ.
వాటి కోసం సచివాలయం వరండాల్లో
టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకు కూర్చున్న మధ్యాహ్నాలకి
ఫారంలో గడి లేదు.
కరోనా రెండో వేసవి గురించి నన్నడగొద్దు.
ట్యాంకరు చిలకలూరిపేట దాటిందా అని ఫోన్లు చేస్తూ
ఆక్సిజన్ ముల్లు వైపు చూడకుండా
పిల్ల డాక్టర్లతో జోకులేశాను. అంతే.

ఈ విద్యలో ఒక తమాషా ఉంది.
నేను బతికించిన వాళ్ళెవరికీ నా ముఖం తెలియదు.
స్పృహ లేకుండా వస్తారు,
కళ్ళు తెరిచాక కింది వార్డుకి పోతారు.
స్వీటు పెట్టెలు అక్కడి డాక్టరుకి.
నన్ను గుర్తుపట్టేది ఎప్పుడూ
పోయినవాళ్ళ మనుషులే.

అందుకే పిల్లలకి నా మొదటి పాఠం
గొంతులో గొట్టం వెయ్యడం కాదు,
వరండాలోకి కుర్చీ మోసుకెళ్ళడం.
నిలబడి చెప్పకండర్రా ఆ మాట.
కుర్చీ లేకపోతే మెట్ల మీద కూర్చోండి.
కోటు మాస్తే ఉతుక్కోండి.

మొన్న చుట్టుగుంట రైతుబజార్లో
గోంగూర అమ్మే ఆవిడ
కట్ట చేతికివ్వబోయి ఆగింది.
"మీరే గదమ్మా,
ఆ రోజు మెట్ల మీద నా పక్కన కూర్చుంది?
చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకున్నారు.
మా ఆయన. పత్తి పోయిన ఏడు."

ఆ చెప్పు గుర్తొచ్చింది నాకు.
గోధుమరంగు పట్టీ, కుడికాలిది.
మనిషి రాలేదు.
ఎంత వెతుక్కున్నా ముఖం రాలేదు.
"గుర్తున్నాడమ్మా" అన్నాను.
ఆవిడ ఇంకో రెండు కట్టలు సంచిలో కుక్కింది.
డబ్బులిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

సాయంత్రం ఆకు వలుస్తూ వలుస్తూ ఆగాను.
ఆవిడ పేరైనా అడగలేదు.

రేపు పొద్దున్నే
మళ్ళీ వెళ్ళాలి బజారుకి.