తేమ పదిహేడు

సముద్రం నేను చూడలే.
పరకాల యార్డుల వడ్లకుప్ప పక్కన కూసోని
ఫోన్ల దాని కన్ను చూస్తున్న.

పొద్దుగాల మచిలీపట్నం దిక్కుండె.
బువ్వ తినొచ్చేసరికి
ఎర్రగీత జరంత ఇటు వంగింది.
తుఫానుకు పేరు గూడ పెట్టిండ్రు,
నా కుప్పకు ఇంకా నంబరే రాలే.

మిషిన్ల పోస్తే తేమ పంతొమ్మిది.
పదిహేడైతేనే కాంట.
అది గంటకెంత ఉరుకుతదో చెప్తుండ్రు.
నాకు రెండు ఎండలు గావాలె.

ఓదెలు పరద అంచుకు రాళ్లు పెడుతుండు.
"తీరం దాటితే బలం తగ్గుతదట" అన్న.
"తగ్గినంకనే గదక్కా మన మీదికొచ్చుడు" అన్నడు,
తల ఎత్తకుంట.

చార్జింగు నాలుగు శాతం.
మీద మబ్బుతునక లేదు.
ఒక గింజ పంటికిందేసి కొరికిన.

టక్కుమనలే.